గాజు కొలతకు పిస్టన్ రింగులు

నిన్న పొద్దున మా ఇల్లు తుడిచే ఆమె పూజ అలమర కింద చీపురు పెట్టి లాగుతూ, ఒక నల్లటి వంకర ముక్క చేత్తో పట్టుకొచ్చి, "విరిగిన గాజు ఇంట్లో ఉంచుకోకూడదమ్మా, పారేయనా?" అని తమిళంలో అడిగింది. నేను కాఫీ తాగుతున్నాను. గ్లాసు ఎక్కడ పెట్టానో ఏమో, "అయ్యయ్యో, ఇలా ఇవ్వు, ముందు ఇలా ఇవ్వు" అంటూ ఒక్క గెంతులో వెళ్ళి లాక్కున్నాను. మోకాళ్ళ నొప్పులని రోజూ ఆమె దగ్గరే మొరపెట్టుకునే మనిషిని కదా, ఆ గెంతు చూసి పాపం బిత్తరపోయింది. అది గాజు కాదనీ, మా మామ ఇంజను పిస్టన్ రింగు ముక్క అనీ, కుంకుమ భరిణె పక్కనుంచి జారి కిందపడినట్టుందనీ చెప్పాను. ఇంజను సామాను కుంకుమ భరిణె పక్కన ఎందుకుందని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. కానీ ఇంకా రెండిళ్ళు తుడవాల్సిన మనిషికి ఆ సంగతంతా నిలబెట్టి చెప్పలేను కాబట్టి, తీరిగ్గా కూర్చుని ఇక్కడ చెబుతున్నాను.

మామ అంటే మా అమ్మకు అన్న. వాషర్‌మెన్‌పేట్‌లో పిండి మర నడిపేవాడు. మా వాళ్ళు ఈ ఊరికి ఎన్ని తరాల కిందట వచ్చారో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కోపం వస్తే రెండూ కలిపి. నా చిన్నప్పుడు కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. అది పోగానే ఆ చుట్టుపక్కల మరలన్నీ మూగబోయేవి. మా మామ మర ఒక్కటే మాట్లాడేది. ఆయన దగ్గర నాలుగు కాళ్ళ దిమ్మె మీద బిగించిన ఒక చిన్న పాత సీమ ఇంజను ఉండేది. పెట్రోలుతో లేచి, వేడెక్కాక కిరోసిన్‌కు మారేది. దానికి రెండు తాగుళ్ళు అలవాటని అత్త వెక్కిరించేది. మామ పంచె ఎగగట్టి, చక్రానికి తాడు చుట్టి, ఒక కాలు దిమ్మెకు తన్నిపెట్టి లాగేవాడు. మొదటి లాగుకు ఇంజను దగ్గేది. రెండో లాగుకు కసిరేది. మూడో లాగుకు లేచి కూర్చునేది. నాలుగోసారి లాగిన పాపాన పోలేదని ఆయన గొప్ప. ఆ చప్పుడు వినపడగానే ఎక్కడెక్కడి ఆడవాళ్ళూ బియ్యం డబ్బాలు చంకనేసుకుని పరుగెత్తుకొచ్చేవాళ్ళు. నేను మా డబ్బా మీదే కూర్చుని, ఆ వరసలో అందరికన్నా ముందున్నా మేనకోడలినన్న గర్వంతో అందరికన్నా చివర పిండి పట్టించుకునేదాన్ని. ఇంకాసేపు ఆ చప్పుడు వినొచ్చని ఆశ.

మామకు ఇంజను ఎలాగో, అత్తకు నువ్వుల నూనె అలాగ. ఆమె లోకంలో నువ్వుల నూనెతో నయం కానిది లేదు. శనివారం వస్తే ఆ ఇంట్లో పిల్లా పెద్దా ఎవరూ తప్పించుకోలేరు. గిన్నెలో నూనె వెచ్చజేసి, రెండు మిరియాలు వేసి, ఒక్కొక్కరినే పీట మీద కూర్చోబెట్టి మాడు మీద టపటపా కొట్టి తలంటేది. వీధి వీధిని గద్దించే మామ కూడా గోచీ పెట్టుకుని, కళ్ళల్లోకి నూనె కారుతుంటే కిక్కురుమనకుండా కూర్చునేవాడు. శనివారం పన్నెండింటిదాకా ఆ ఇంట్లో ఎవరు ఎవరిని దాటి వెళ్ళినా నువ్వుల నూనె, సీకాయ కలిసిన ఆ వాసనే.

తర్వాత కరెంటు నిలకడైంది. పిండి ప్యాకెట్లలో రావడం మొదలైంది. మర మూతబడింది. మర రాళ్ళు, బెల్టు, తక్కెడ అన్నీ పోయాయి, ఇంజను మాత్రం పోలేదు. ఇంటి పక్క సందులో గోనెపట్టా కప్పుకుని కూర్చుంది. ఏడాదికి ఒక్కసారి, ఆయుధ పూజ నాడు, మామ దాన్ని కడిగి, గంధం కుంకుమ పెట్టి, నడిపేవాడు. బళ్ళకైతే చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. దీనికి నేలమీద ఆనే చక్రం లేదు కాబట్టి నాలుగు కాళ్ళ ముందూ నాలుగు నిమ్మకాయలు పెట్టి, అది ఊగినప్పుడు ఏదైనా ఒకటి నలిగితే చాలని తృప్తి పడేవాడు. మూడో లాగుకు లేచేది. వీధిలో వాళ్ళు వచ్చి బొరుగులూ బెల్లమూ తీసుకుని వెళ్ళేవాళ్ళు. మర్నాడు విజయదశమి. మామ మధ్యాహ్నం నిద్రలో ఉండగా అత్త నన్ను సందులోకి పిలిచి, స్పానరు నా చేతికిచ్చి, ఇంజను నెత్తిన ఉండే ప్లగ్గు విప్పమనేది. "మళ్ళీ సంవత్సరందాకా దానికి నోట్లో తడి ఉండొద్దా పాపా? తలంటు పోసినట్టే అనుకో" అంటూ ఆ రంధ్రంలోకి ఒక గరిటెడు నువ్వుల నూనె పోసేది. మామకు చెప్పొద్దనేది. ఆయన తన ఇంజనును పరాయి చెయ్యి తాకనివ్వడు. అత్త పోయాక కూడా నేను ఆ పని మానలేదు. ప్రతి విజయదశమికీ మైలాపూరులోని మా ఇంటి నుంచి వెళ్ళేదాన్ని, ఆయన కునుకు తీసేదాకా ఆగి ఆమె గరిటెతోనే పోసేదాన్ని. అత్తకు నేను చేయగలిగింది అదొక్కటే అనిపించేది. ఆరేళ్ళు అలా పోశాను, ఎంత భక్తిగా పోశానో చెప్పలేను.

ఇక అసలు సంగతి. రెండేళ్ళ కిందట ఆ ఇంటిని పడగొట్టి అపార్టుమెంటు కట్టడానికి బిల్డరుకు ఇచ్చారు. ఆయుధ పూజ కాగానే ఖాళీ చేయాలి. బావ, అంటే మామ కొడుకు, చెడ్డవాడు కాదు. తండ్రితో ఉన్న మాటే అన్నాడు. "నడిచే ఇంజనైతే కొత్త బిల్డింగు వాకిట్లో అద్దాల గది కట్టించి పెడతా నాయనా. నడవని ఇనుముకు చోటడిగితే మిగతా వాటాదార్లు నవ్వుతారు." మామకు రోషం వచ్చింది. ఎనభై నాలుగేళ్ళ మనిషి పండగ ఇంకా నెల ఉందనగానే గోనెపట్టా తీసి, తాడు చుట్టి లాగాడు. ఆ వేళకు నేను అక్కడే ఉన్నాను. తాడు సర్రున వచ్చేసింది. ఎదురు లాగడం లేదు, బిగువు లేదు. చక్రం ఊరికే తిరిగి ఆగింది. మళ్ళీ లాగాడు. పది సార్లు లాగాడు. నాలుగో లాగు ఎరగని మనిషి పది సార్లు లాగాడంటే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. చివరికి దిమ్మె మీద కూలబడి, "కంప్రెషన్ పొయ్యింది పాపా. దీనికింక ఊపిరి లేదు. పండగ నాటికి నడవకుంటే పాత ఇనుమోణ్ణి నేనే పిలుస్తా. నడవనిదాన్ని ఎవురి వాకిట్లోనో పెట్టి నవ్వులపాలు చెయ్యను" అన్నాడు. ఆ సాయంత్రం ఆయన దోసె ముట్టలేదు.

మర్నాడు బావకు తెలిసిన బైకు మెకానిక్ ఒకతను వచ్చి సిలిండరు ఊడదీశాడు. పిస్టన్‌కు మూడు రింగులు. ఊపిరి పక్కలనుంచి జారిపోకుండా పట్టేవి అవేనట, పిస్టన్ చుట్టూ చెక్కిన గాడుల్లో అతుక్కుపోయి ఉన్నాయి. అడుగు రింగు నానబెడితే వచ్చింది. పై రెండూ, అతను ఎంత జాగ్రత్తగా లేపినా, పుటుక్కున విరిగిపోయాయి. కొత్త రింగులు దొరికితే ఇంజను నడుస్తుందని, కానీ ఈ కంపెనీ మూతబడి ఎన్నేళ్ళయిందో కాబట్టి దొరకవని చెప్పి వెళ్ళిపోయాడు. దొరకవన్న మాట వినగానే నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. ఆఫీసులో ముప్పై రెండేళ్ళు ఫైళ్ళు వెతికిన మనిషిని. దొరకదని చెప్పిన ఫైలు దొరికించినప్పుడు కలిగే ఆనందం ఏమిటో నాకు తెలుసు. "నేను తెస్తా మామా" అన్నాను. పిస్టన్ రింగు అంటే ఏమిటో నాకు ఆ పూటే తెలిసిందన్న సంగతి ఆయనకు చెప్పలేదు.

మొదట జార్జి టౌన్ వెళ్ళాను. తోపుడు బళ్ళ మధ్య ఒళ్ళు ఒంచుకుంటూ మూడు సందులు తిరిగి, బేరింగులూ బెల్టులూ అమ్మే ఒక పాత కొట్టు పట్టుకున్నాను. సైజెంతని అడిగారు. విరిగిన ముక్కలకు సైజేముంటుంది? నాకు తోచింది నేను చేశాను. నా చేతి గాజు తీసి బల్లమీద పెట్టి, ఒక రింగు ముక్కలు రెండూ దాని చుట్టూ పేర్చి, "టూ ఎయిట్ గాజు, దానికి ఒక చుట్టు పెద్దది" అన్నాను. కొట్లో ఉన్న నలుగురూ పగలబడి నవ్వారు. లోపల మూలన చీటీలు రాసుకుంటున్న పెద్ద గుమాస్తా మాత్రం నవ్వలేదు. లేచి వచ్చి, కళ్ళద్దాలు పైకి తోసి, గాజును అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన మా తెలుగు ఆయనే. "నవ్వేదానికేముంది రా? గాజు కొలత లోపల తీస్తారు, రింగు కొలత బయట తీస్తారు, అంతే. రెండూ అంగుళాల లెక్కే" అని వాళ్ళను కసిరి, స్కేలు పెట్టి కొలిచి, రెండు ముప్పావు అని తేల్చాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఈ సైజు ఈడ యాడా దొరకదమ్మా. వేరే రింగు తెచ్చి అరగదీసినా గాడిలో కూర్చోదు. దీన్ని చేయించాల. చేసేటోడు ఈ ఊర్లో ఒకడే మిగిలుండాడు. వాషర్‌మెన్‌పేట్‌లో" అని వీధి పేరు చెప్పాడు. నేను నోరు వెళ్ళబెట్టాను. అది మా మామ ఇంటికి మూడు వీధుల అవతల.

ఆటో దిగి పరుగులాంటి నడకతో వెళ్ళాను. అక్కడ లేతు మిషను మీద ఇనుము తరిగే పెద్దాయనకు డెబ్భై దాటి ఉంటాయి. చొక్కా జేబులో పెన్ను బదులు చిన్న ఆకురాయి ఉంది. ఇరుకు షెడ్డు, ఒకటే లేతు, గోడకు వినాయకుడి కాలెండరు. నేను విషయం చెప్పడం మొదలుపెట్టగానే, "రింగులా?" అని స్టూలు మీది నుంచి లేచాడు. "రింగులు చేసి ఇరవై ఏండ్లయిందమ్మా. ఎవురూ అడగరు. అంతా రెడీమేడు దానే ఇప్పుడు. నాకు ఒక లైనరు ముక్క తెచ్చియ్యి, పండగలోపల చేసిచ్చేస్తా." లైనరంటే సిలిండరు లోపల ఉండే పోత ఇనుప గొట్టమట. పిస్టన్‌తో రాసుకుని రాసుకుని పదునెక్కిన ఇనుము. రింగుకు అంతకన్నా మంచి ఇనుము లేదట. ఏ సైజు తేవాలని అడిగితే ఆయన కూడా నా చేతికేసి చూశాడు. "ఆ గాజు తీసుకుపో. లైనరు మొగం మీద పెట్టి చూడు. గాజు లోపల చుట్టూ కొంచెం ఇనుము కనపడాల, గాజు బయట చుట్టూ కూడా బాగా ఇనుము కనపడాల. అప్పుడు తట్టు. బిందె మాదిరి మోగితే తీసుకో. బొంగురు గొంతు వస్తే లోపల చీలిక ఉండాదని అర్థం." పొద్దున నలుగురు నవ్విన నా గాజు సాయంత్రానికి కొలబద్ద అయిపోయింది. నా నడకే మారిపోయింది.

మర్నాడు పుదుపేట. అక్కడ బళ్ళను విప్పి ఏ ముక్కకు ఆ ముక్క గుట్టలు పోసి అమ్ముతారు. ఒక వీధంతా హెడ్‌లైట్లు, ఒక వీధంతా తలుపులు. నూలు చీర కట్టుకున్న అరవై ఏళ్ళ మనిషి ఒక చేత్తో గాజు పట్టుకుని, పాత మోటారుసైకిలు లైనర్ల గుట్ట ముందు గొంతుక్కూర్చుంటే చూసేవాళ్ళకు ఎలా ఉంటుందో ఊహించుకోండి. గాజు పెట్టడం, చూడడం, మెటికలతో తట్టడం, చెవి దగ్గర పెట్టుకోవడం. కొన్నిటికి గాజు లోపల జారిపోయింది. కొన్ని బొంగురుగా పలికాయి. కొట్టతను మొదట విసుక్కున్నాడు. కాసేపటికి అతనికీ పట్టుదల వచ్చి, లోపలి నుంచి ఒక్కొక్కటే తెచ్చి నా ముందు పెడుతూ, నేను తట్టినప్పుడల్లా తనూ చెవి ఒగ్గి వినడం మొదలుపెట్టాడు. ఎన్నోదో గుర్తులేదు, ఒక మందపాటి, మసి పట్టిన ముక్క మీద గాజు సరిగ్గా కూర్చుంది. లోపల ఇనుము, బయట ఇనుము. తట్టాను. ఖంగుమంది! ఇద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అతను తమిళంలో "అదే! అదే!" అని అరిచాడు. లైనరు దొరికింది నాకా అతనికా అని దారిన పోయేవాళ్ళు అనుకుని ఉంటారు.

లేతు పెద్దాయన లైనరును ఒక్కసారి తట్టి, తల ఊపి, పక్కన పెట్టాడు. మామ ఇంటి నుంచి సిలిండరూ పిస్టనూ తెప్పించుకున్నాడు. ముందు పిస్టన్ గాడులు శుభ్రం చేసి వెడల్పు కొలవాలి కదా, సన్నటి పుల్లతో గాడిలోని గోధుమరంగు పెచ్చును గీరాడు. గీరినవాడు ఆగి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ గీరి మళ్ళీ వాసన చూశాడు. "ఇది ఇంజనాయిలు కాదమ్మా. ఇంజనాయిలు కాలితే నల్లగా, చేదుగా ఉంటుంది. ఇది చూడు, అప్పడాలు వేయించే మూకుడు అంచుకు పట్టిన జిడ్డు మాదిరి ఉండాది. ఎవురో దీంట్లో వంటనూనె పోసినారు. అది కాగి కాగి బంకై, రింగుల్ని గాడికి అతికించేసింది. ఈ రింగులు అరిగి పోలేదు, అతుక్కుని పొయ్యినాయి. ఇంత తెలిసిన మీ మామ ఇట్లాంటి పని చేసినాడంటే నేను నమ్మలేకుండా ఉండా. రేపు నేనే అడగతా ఆయన్ని."

ఆరేళ్ళు ఎంత భక్తిగా పోశానని చెప్పాను కదా, ఆ భక్తంతా అక్కడ పుల్ల చివర పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. మా మామ ఇంజను ఊపిరి తీసింది నేనే. ఆయన చేయని తప్పు ఆయన మీద పడనివ్వలేను. అందుకని ఉన్నదంతా చెప్పేశాను, అత్త, గరిటె, విజయదశమి, తలంటు, అన్నీ. పెద్దాయన ఆ పెచ్చునూ నన్నూ మార్చి మార్చి చూశాడు. తర్వాత నవ్వు ఆపుకోలేక ఆకురాయి కింద పెట్టేశాడు. "ఇంజనుకు తలంటు పోసినోళ్ళను ఇప్పుడే చూస్తుండా తల్లీ! సరి, అయ్యిందేదో అయ్యింది. కొత్త రింగులు పెట్టినాక మాత్రం లోపల ఒక్క చుక్క పొయ్యకూడదు. బయట నువ్వు గంధమే పూసుకో, పాయసమే పోసుకో. నేను నోరు తెరవను, మీ మామకు నువ్వే చెప్పు."

తర్వాతి పది రోజులు నేను ఆ షెడ్డులోనే కాపురం ఉన్నానంటే తప్పులేదు. ఇంట్లో నుంచి ఇడ్లీలు తెచ్చేదాన్ని, స్టూలు మీద కూర్చుని చూసేదాన్ని. లైనరును లేతుకు బిగించి బయటా లోపలా నున్నగా తరిగాడు. నల్లటి పొడి ఆవపిండిలా రాలింది. తర్వాత దోసకాయ చక్రాలు కోసినట్టు ఒక్కొక్క చక్రమే కోశాడు. చక్రాన్ని ఒకచోట సన్నటి రంపంతో చీల్చాలి. మొదటిది అక్కడే విరిగింది. చీల్చాక ఆ సందులో చిన్న ఇనుప బిళ్ళ దూర్చి, నోరు తెరిపించి, రెండు రేకుల మధ్య బిగించి, బొగ్గుల మీద ఎర్రగా కాల్చి, మెల్లగా ఆరనివ్వాలి. అప్పుడు బిళ్ళ తీసేసినా నోరు తెరుచుకునే ఉంటుంది. సిలిండరులో దూర్చినప్పుడు నాలుగు పక్కలా తోసుకుంటూ గోడకు ఆనుకుంటుంది. ఆ తోపుడే దాని ప్రాణమట. రెండోది కాల్పులో వంకరపోయింది. "పోనీ, దీనికి కోపం ఎక్కువ" అని అవతల పారేశాడు. మూడోది నిలిచింది. నాలుగోదీ నిలిచింది. విరిగినప్పుడల్లా నేను ఉసూరుమనేదాన్ని. ఆయన మాత్రం, "ఇనుము కూడా మనిషి మాదిరి దానే. తొందర పెడితే విరుగుతుంది" అంటూ మళ్ళీ లేతు తిప్పేవాడు.

అద్దం పలక మీద ఇనుమును అరగదీసే ముద్ద రాసి రింగు పక్కలు నున్నగా రుద్దాక, అసలైన పరీక్ష. రింగును సిలిండరులో సమంగా కూర్చోబెట్టి, కింద టార్చిలైటు పెట్టి, పైనుంచి చూడాలి. రింగుకూ గోడకూ మధ్య ఎక్కడ సందుంటే అక్కడ వెలుగు కనపడుతుంది. లైటు పట్టుకునే ఉద్యోగం నాది. మొదటిసారి చూస్తే ఒక పక్క గోరంత వెలుగు, సన్నగా. తీసి, వెలుగు రాకుండా గోడకు గట్టిగా తగిలేచోట రెండు రాపిళ్ళు రాసి, మళ్ళీ పెట్టాడు. వెలుగు వెంట్రుకంత అయింది. మళ్ళీ తీశాడు. అలా ఎన్నిసార్లు తీశాడో, మధ్యాహ్నం భోజనం సంగతి ఇద్దరం మరిచిపోయాం. చివరిసారి పెట్టి, నన్ను వంగి చూడమన్నాడు. సిలిండరు చుట్టూ ఎక్కడా వెలుగు లేదు. రింగు నోటి దగ్గర ఉండాల్సిన ఆ చిన్న సందు తప్ప చుట్టూ కటిక చీకటి. చీకటిని చూసి అంత సంతోషించడం నా జన్మలో అదే మొదలు. నేను గట్టిగా కేకేస్తే పక్క షెడ్డువాళ్ళు ఎవరికో చెయ్యి తెగిందనుకుని పరుగెత్తుకొచ్చారు. పెద్దాయన ఆ రింగును అరచేతిలో పెట్టుకుని తుడుస్తున్న తీరు చూస్తే, ఇరవై ఏళ్ళుగా ఎవరూ అడగని మాట ఎవరో అడిగినట్టుంది ఆయన మొహం.

పండగకు ముందురోజు ఆయనే వచ్చి, రింగులు విరగకుండా మూడు పలచటి రేకుముక్కల మీదుగా జార్చి పిస్టన్‌కు తొడిగి, ఇంజను బిగించి వెళ్ళాడు. మామ పక్కనే కూర్చుని ప్రతి బోల్టునూ కళ్ళతో బిగించాడు. ఆయన ఒక్కడే ఉన్నప్పుడు నేను వెళ్ళి, పూజలో నిలబడ్డట్టు చేతులు కట్టుకుని, నూనె సంగతి చెప్పేశాను. ఆయన తిట్టలేదు. నన్ను కాకుండా ఇంజనునే చూస్తూ, "సరే, పొయ్యి కాఫీ తాగు పాపా" అన్నాడు. నేను అరవై దాటినా ఆయనకు పాపనే. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆయుధ పూజ పొద్దున సందంతా జనం. గంధం, కుంకుమ, చామంతులు, నాలుగు నిమ్మకాయలు, గంపెడు బొరుగులు. బావ చేతులు కట్టుకుని ఒక పక్క, లేతు పెద్దాయన కళ్ళు మూసుకుని ఒక పక్క. మామ తాడు చుట్టాడు. కాలు దిమ్మెకు ఆనించి లాగబోయి, సగంలో ఆగిపోయాడు. ఆయన చెయ్యి వెనక్కి గుంజుకుపోయింది! ఇంజను తాడును పట్టుకుని తిరిగి లాగింది. మామ కళ్ళు ఇంతింత అయ్యాయి. "లాగతా ఉంది రా! ఇది నన్ను లాగతా ఉంది! బిగువు చూడు!" అని కొడుకు మీద కేకేసి, అంతలోనే తాడు నా చేతిలో పెట్టాడు. "నా భుజం చాలదు. నువ్వు లాగు. పోసిందానివి నువ్వే కదా, లాగేది కూడా నువ్వే." కొంగు బిగించాను. మొదటి లాగుకు దగ్గింది. రెండో లాగుకు కసిరింది. మూడో లాగుకు నా భుజం ఊడొచ్చిందనుకున్నాను. డుగ్ డుగ్ డుగ్ డుగ్ మంటూ సందు గోడలు అదిరిపోయాయి, ఒక నిమ్మకాయ నలిగింది, బొరుగుల గంప ఎవరి కాలో తగిలి బోర్లాపడింది. డబ్బా మీద కూర్చున్న పిల్లనైపోయాను నేను. లేతు పెద్దాయన కళ్ళు తెరవకుండానే నవ్వుతున్నాడు. బావ నా చెవి దగ్గరకొచ్చి, "అద్దాల గది ఖాయం" అని అరిచాడు.

అందరూ కేరింతలు కొడుతుంటే మామ మాత్రం పొగ గొట్టం దగ్గరకు వంగాడు. పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. నిలబడి, ఏదో పోగొట్టుకున్నవాడిలా నా వైపు చూశాడు. "వాసన రాలేదే" అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఆయన నా చెయ్యి పట్టుకుని దగ్గరకు లాగి చెవిలో చెప్పాడు. "ప్రతి ఏడూ మొదటి పొగలో నువ్వుల నూనె వాసన వస్తుండె. శనివారం మీ అత్త దగ్గర వచ్చే వాసన. ఆమె పోస్తా ఉండాదని నాకు మొదటి ఏడే తెలుసు పాపా. ఆమె పొయ్యినాక కూడా వచ్చింది. అప్పుడు నువ్వు పోస్తుండావని తెలుసుకున్న్యా. ఇంజను చెడతాదని కూడా తెలుసు. ఎందుకు చెప్పల్యా అంటే, ఆ పొగ కోసరం దానే నేను సంవత్సరమంతా కాచుకునుండేది."

నేను ఇంజను చప్పుడులో ఏడ్చాను కాబట్టి ఎవరికీ వినపడలేదు. తర్వాత వంటింట్లోకి పరుగెత్తి, అత్త గరిటెలో కాస్త నూనె పోసుకొచ్చి, లేతు పెద్దాయన మొహం చూశాను. ఆయన సంగతి గ్రహించి, బయటి వైపే అని వేలితో చూపించాడు. సిలిండరు చుట్టూ ఉండే ఇనుప రెక్కలు అప్పటికి బాగా కాగాయి. ఒక్క చుక్క, ఒకే ఒక్క చుక్క, పై రెక్క మీద వేశాను. చుయ్యిమంది. సన్నటి తెల్లటి పొగ లేచి మామ మొహానికి తగిలింది. ఎనభై నాలుగేళ్ళ మనిషి కళ్ళు మూసుకుని, శనివారం పీట మీద కూర్చున్నట్టు, మెడ కాస్త వంచి, కిక్కురుమనకుండా నిలబడ్డాడు.

గాజు చుట్టూ పేర్చిన ఆ పాత రింగు ముక్కల్లో ఒకటి నేను అడిగి తెచ్చుకున్నాను. రెండోది మామ దిండు కింద ఉంది. ఇప్పుడు ఆ ఇల్లూ లేదు, ఆ సందూ లేదు. కొత్త వాకిట్లో అద్దాల గదిలో ఇంజను కూర్చుని ఉంది. వచ్చే నెల పండగకు మళ్ళీ నేనే లాగాలి, గరిటె నేనే పట్టాలి. కాలం ఎవరి కోసమూ ఆగదని అంటారు గానీ, ఆ రోజు అది మా సందులో పీట వేసుకుని కూర్చుని, నిదానంగా తలంటు పోయించుకునే వెళ్ళింది.